గుట్టంతా గుడ్డులోనే

2025 జులైలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఓ కొత్త పుల్లపురుగును ప్రకటించారు. పేరు ఆక్రోఫిల్లా ఆల్టా. పొడవు 40 సెంటీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ. బరువు 44 గ్రాములు. దాని ఫొటో చూసిన గుడివాడ పాఠకులొకరు అడిగారు: ‘ఇలాంటిది మన దివిసీమ మడ అడవుల్లో ఉంటుందా?’

ఉండదండీ. అది క్వీన్స్‌లాండ్‌లో 900 మీటర్లకు పైన, చల్లటి తడి అడవిలో, చిటారు కొమ్మల్లో బతికేది. నాగాయలంక ఉక్కపోతకు దిగిరాదు. మనకు దగ్గర చుట్టం కావాలంటే తమిళనాడు పళని కొండల కరౌసియస్ మొరోసస్ ఉంది. జానెడు కూడా ఉండదుగాని, ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతోంది. మగది లేకుండానే పిల్లల్ని కంటుంది.

పొడవు లెక్కలు అలా ఉంచండి. చూడాల్సింది గుడ్డు. ఆల్టా కొత్త జాతేనని తేల్చడానికి గుడ్డు కూడా సాక్ష్యమైంది. పెంకు మీది నగిషీ, మూత ఆకారం జాతిజాతికీ మారతాయి మరి.

చాలా జాతుల్లో తల్లి గుడ్లను చెట్టు మీంచి కిందకు వదిలేస్తుంది. ఆముదం గింజ కొసన చిన్న బుడిపె చూసే ఉంటారు. అలాంటిదే కొన్ని గుడ్లకూ ఉంటుంది. చీమలు దానికి ఆశపడి గుడ్డును పుట్టలోకి మోసుకుపోతాయి. బుడిపె తిని గుడ్డును వదిలేస్తాయి. పరాన్నజీవి కందిరీగలకు అది ఇక దొరకదు.

పిట్ట మింగితే పురుగుతోపాటు దాని సంతానమూ సరి అనే ఇంతకాలం అనుకున్నారు. మామూలు పురుగుల విషయంలో అది నిజమే: వాటి గుడ్లు పెట్టబోయే ముందుగాని ఫలదీకరణ చెందవు. మగదాని అవసరమే లేని పుల్లపురుగుకు ఆ చిక్కు లేదు. పైగా గుడ్డు పెంకు మీద కాల్షియం ఆక్సలేట్ పూత, ఆమ్లానికి లొంగదు. జపాన్‌లో కెంజి సుయెత్సుగు బృందం మూడు జాతుల గుడ్లను పిగిలిపిట్టకు తినిపించింది. 5 నుంచి 20 శాతం గుడ్లు చెక్కుచెదరకుండా రెట్టలో బయటపడ్డాయి, ఒక జాతి గుడ్ల నుంచి పిల్లలు కూడా వచ్చాయి! 2018లో ఇది అచ్చయింది. రెక్కల్లేని జపాను పుల్లపురుగుల్లో ఒకే జన్యురూపం వందల కిలోమీటర్ల ఎడంలో కనబడుతోందని 2023లో అదే బృందం చూపింది. నడిచి వెళ్లే దూరమా అది?

ఉపయోగమేమిటంటారా? అది చెప్పందే సంపాదకులు వ్యాసం వేయరు కాబట్టి చెబుతున్నా: మన కరౌసియస్ నడకను గమనించి జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో ఆరుకాళ్ల రోబోకు నడక నేర్పారు.