గుత్తి నుంచి వెళ్ళిన ఉత్తరాలు: కేశవ పిళ్ళె పాత్రికేయంపై కొన్ని ప్రశ్నలు

అనంతపురం అనగానే కరువు, ముఠా తగాదాలు, పాతకోటలు – మన చరిత్ర పుస్తకాలకు ఈ మూడే కనిపిస్తాయి. ఈ ప్రాంతంలోని అన్యాయాలు బయటి ప్రపంచానికి ఎలా తెలిశాయి? ఎవరు రాస్తే తెలిశాయి? రాసే అవకాశం ఎవరికి లేకుండా పోయింది? ఈ ప్రశ్నలు మనం పెద్దగా వేసుకోం. గుత్తి కేశవ పిళ్ళె (1860–1933) జీవితాన్ని ఆ ప్రశ్నలతో చదవాలి.

కేశవ పిళ్ళెది తెలుగు కుటుంబం కాదు. తమిళ కుటుంబంలో పుట్టి, గుత్తికి వలసవచ్చి, ఇక్కడే వకీలుగా స్థిరపడ్డాడు. వచ్చిన ఊరి పేరే చివరికి ఆయన ఇంటిపేరు లాగా అయిపోయింది. 1876–78 నాటి ధాత కరువు గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్న కాలమది. బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసింది 1882లో. మద్రాసులో 1878లో వారపత్రికగా మొదలైన 'హిందూ'కు ఆయన గుత్తి విలేకరి అయ్యాడు.

ఆనాటి విలేకరిత్వం ఎట్లా నడిచేదో గమనించాలి. చిన్న పట్నాల్లో జీతగాళ్ళయిన విలేకరులు లేరు. ఇంగ్లీషు వచ్చిన వకీలో, పంతులో వార్త రాసి పంపేవాడు. జనం గోడు వకీలు దగ్గరికి వస్తుంది. వకీలు ఉత్తరం రైలెక్కి మద్రాసు చేరుతుంది. పత్రికలో అచ్చయితే కలెక్టరు, గవర్నరు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. 1885 డిసెంబరులో బొంబాయిలో 72 మంది ప్రతినిధులతో జరిగిన తొలి కాంగ్రెసు సభకు కేశవ పిళ్ళె వెళ్ళింది కూడా ఈ దారిలోనే.

ఈ దారికి ఎంత బలం ఉందో, ఎక్కడ ఆగిపోతుందో 1893లో తేలింది. ఆ ఏడాది అక్టోబరు 4న గుంతకల్లు స్టేషను దగ్గర రైల్లో ప్రయాణిస్తున్న తెల్ల సైనికులు కొందరు ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. రైల్వే గేటు కాపలాదారు గూళపాళ్యం హంపన్న ఆ స్త్రీలకు అడ్డంగా నిలబడ్డాడు. సైనికుడి తుపాకీ గుండు తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. కేశవ పిళ్ళె ఈ సంగతిని పత్రికకెక్కించి, కేసు కోసం పట్టుబట్టాడు. ఒక గేటు కూలీ చావు మద్రాసు రాజధాని అంతటా చర్చకు వచ్చింది. అయినా మద్రాసు హైకోర్టులో ఆ సైనికుడు నిర్దోషిగా బయటపడ్డాడు. హంపన్నకు స్మారకం మిగిలింది. ఆ ఇద్దరు స్త్రీలు మాత్రం చరిత్రలో 'ఇద్దరు స్త్రీలు'గానే ఉండిపోయారు. వాళ్ళేం చూశారో, ఏం చెప్పుకున్నారో వాళ్ళ మాటల్లో మనదాకా రాలేదు.

ఇక్కడ కేశవ పిళ్ళెను చిన్నబుచ్చడం మన ఉద్దేశం కాదు. ఆ ఉత్తరమే వెళ్ళకపోతే హంపన్న పేరు కూడా పోయేది. అయితే ఒకరి తరఫున రాయడం వేరు, ఆ ఒకరే రాసుకోవడం వేరు. ఈ తేడా 1917లో మరింత స్పష్టమైంది. ఆ ఏడాది సెప్టెంబరులో కాంగ్రెసులోని బ్రాహ్మణేతరులు మద్రాసు ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టుకున్నారు. అధ్యక్షుడు కేశవ పిళ్ళె. పెరియార్ రామస్వామి కూడా అందులో ముఖ్యుడు. వాళ్ళడిగింది శాసనమండలిలో బ్రాహ్మణేతరులకు ప్రత్యేక స్థానాలు. ఆ తర్వాత నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ పేరిట పిలిచిన సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించాడు. పంచములమన్న పేరే మాకొద్దు, మేం ఈ నేల ఆదివాసులం అని అక్కడ ప్రకటించారు. అదే తొలి ఆది ఆంధ్ర మహాసభ అయింది.

రెండు సభలూ ఒకే ఏడాది జరిగాయి, ఒకే రాజధానిలో జరిగాయి. 'బ్రాహ్మణేతరులు' అన్న మాటలో మాల మాదిగలు లెక్కకు ఉంటారు, కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఉండరు. 1920 ఎన్నికలకు బ్రాహ్మణేతరులకు 28 స్థానాలు కేటాయించారు. అంటరాని కులాలకు దక్కింది ప్రభుత్వం నామినేట్ చేసే కొద్ది స్థానాలే. తరఫున మాట్లాడేవాళ్ళ మీద నమ్మకం పెట్టుకుని కూర్చోకుండా సొంత వేదిక కట్టుకోవడం ఎందుకు అవసరమైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. భాగ్యరెడ్డి వర్మ 1931లో హైదరాబాదు నుంచి 'భాగ్యనగర్' పత్రిక తెచ్చింది ఆ అవసరంతోనే.

కేశవ పిళ్ళె జీవితంలో మరో ఘట్టం కూడా మనకు ముఖ్యం. 1922లో భారత ప్రభుత్వం తరఫున వెంకటేశ నారాయణ తివారీ, కీటింజ్‌లతో కలిసి దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా వెళ్ళాడు. 1838 నుంచి 1917 దాకా సుమారు 2 లక్షల 39 వేల మంది భారతీయులను ఒప్పందపు కూలీలుగా అక్కడి చెరకు తోటలకు తరలించారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొన్ని వేలమంది మద్రాసు రేవు నుంచి వెళ్ళారు. కరువూ కులమూ కలిసి తరిమిన అంటరానివాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కూలీలను మళ్ళీ పంపమని తోటల యజమానులు అడుగుతున్న సమయమది. పిళ్ళె, తివారీ కూలీల బతుకులు, ఇళ్ళు చూసి, పరిస్థితులు బాగుపడేదాకా వద్దన్నారు. కీటింజ్ విడిగా నివేదిక ఇచ్చాడు. గుత్తిలో చేసిన పనే పెద్ద ఎత్తున అక్కడా చేశాడన్నమాట: వెళ్ళి చూడటం, రాయడం, అధికారాన్ని జవాబు అడగటం.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల జాబితా పట్టుకుని ఒక్క దళిత విలేకరి కోసం వెతికాడు. దొరకలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపిన కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. 1893 గుంతకల్లు తీర్పు పక్కన దీన్ని పెట్టి చదవండి. రెండుచోట్లా వార్త వెళ్ళింది, అలజడి లేచింది. కోర్టు మాత్రం నిందితులను వదిలేసింది.

కాబట్టి అనంతపురంలో పనిచేసే కార్యకర్తలు, విద్యార్థులు కేశవ పిళ్ళె నుంచి తీసుకోవలసింది ఆయన పద్ధతి: తేదీ, స్థలం, పేరు తప్పకుండా రాయడం, ఒకసారి రాసి ఊరుకోకుండా కేసు వెంట పడటం. ఆయన దగ్గర ఆగిపోకుండా చేయవలసింది ఇంకొకటుంది. బాధితుల మాటలను వాళ్ళ నోటితోనే, వాళ్ళ పేర్లు బయటపెట్టడం వాళ్ళకిష్టమైతే ఆ పేర్లతోనే నమోదు చెయ్యాలి. ఆ పని వాడలోని పిల్లలే నేర్చుకునేలా బడిలో ఉపాధ్యాయులు చూడాలి. ఆ ఇద్దరు స్త్రీలకు ఆనాడు లేకపోయింది అదే.