బాత్రూం గార: యాసిడ్‌లో బ్లీచింగ్ కలపకండి

బోరు నీళ్లు వాడే ఇళ్లలో బాత్రూంల తీరు ఒకటే. కుళాయి మొదట్లో తెల్లటి పెచ్చు, బకెట్ లోపల గరుకు, షవర్ రంధ్రాలు పూడిపోయి నీళ్లు పక్కలకు చిమ్మడం. ఈ గారను వదిలించేందుకు ఫోన్లలో ఒక చిట్కా తిరుగుతోంది. టాయిలెట్ యాసిడ్‌లో గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ కలిపితే ‘డబుల్ పవర్’ వస్తుందట! నమ్మి కలిపినవాళ్లు దగ్గుతూ, కళ్లు మండుతూ బయటికి పరుగెత్తుతున్నారు. ఘాటు వచ్చిందంటే మందు గట్టిగా పనిచేస్తున్నట్టేనని వాళ్లకు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

ఆ ఘాటు క్లోరిన్ వాయువుది. బ్లీచింగ్ పౌడర్‌లోని హైపోక్లోరైట్‌కు హైడ్రోక్లోరిక్ యాసిడ్ తగలగానే అది పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం ఎదుటివాళ్ల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారుగా పేరుకుంటుంది. గొంతుక్కూర్చుని బండలు రుద్దే మనిషి ముక్కు ఉండేది కూడా ఆ ఎత్తులోనే. తలుపు మూసి, కిటికీ లేని చిన్న గదిలో ఆ పని చేస్తే తప్పించుకునే దారే ఉండదు. ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల్లోని తడికి తగిలి క్లోరిన్ ఆమ్లంగా మారుతుంది. ఎక్కువ పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అది కొన్ని గంటలు గడిచాక బయటపడుతుంది కాబట్టి, కాసేపు దగ్గి తగ్గిపోయిందని ఊరుకోకూడదు.

పోనీ, ఇంత ముప్పు తెచ్చుకున్నందుకు గారైనా పోతుందా? బ్లీచింగ్ వల్ల ఒక్క పెచ్చు కూడా ఊడదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు నీరు ఆరినప్పుడు, గీజర్‌లో కాగినప్పుడు విడిపోయి గట్టిపడతాయి. అలా మిగిలే గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. దాన్ని కరిగించేది ఆమ్లం. బ్లీచ్ పని వేరు: క్రిములను చంపడం, బూజు మరకల రంగు పోగొట్టడం. పైగా బ్లీచింగ్ పౌడర్‌ను తయారుచేసేదే సున్నంతో. అందులో మిగిలిన సున్నం గారకన్నా ముందే యాసిడ్‌ను తినేస్తుంది. క్రిములను చంపాల్సిన క్లోరిన్ గాల్లో కలిసిపోతుంది. అంటే యాసిడ్ బలమూ బ్లీచింగ్ బలమూ రెండూ పోయి, గదిలో విషవాయువు మాత్రం మిగులుతుంది.

కావాలని కలపకపోయినా ప్రమాదం జరుగుతుంది. టాయిలెట్ క్లీనర్లన్నీ ఒకటి కావు. కొన్నింట్లో యాసిడ్ ఉంటుంది, కొన్నింట్లో బ్లీచ్. నిన్న ఒకటి పోసి సరిగా కడగకుండా ఈరోజు రెండోది పోసినా అదే జరుగుతుంది. సీసా మీద ఈ హెచ్చరిక ఉంటుంది, చదవాలి.

యాసిడ్ లేనిదే గార పోదన్న మాటను మాత్రం ఒప్పుకోక తప్పదు. ఆమ్లమే కావాలి. అయితే అది బండి మీద నీళ్ల సీసాల్లో అమ్మే పొగలు కక్కే యాసిడ్ కానక్కర్లేదు. యాసిడ్ అమ్మకానికి గుర్తింపు కార్డు, రిజిస్టరు ఉండాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. చీటీ లేని సీసాలో ఎంత గాఢత ఉందో అమ్మేవాడికే తెలియదు. నీళ్లనుకుని పిల్లలు తాగే ప్రమాదం సరేసరి. కుళాయి మీది గారకు నిమ్మ ఉప్పో, వెనిగరో చాలు. రాగి బిందెలు తోమే చింతపండులో ఉన్నదీ ఆమ్లమే, కాబట్టి పెద్దవాళ్ల పద్ధతిలో తప్పు లేదు. ఓపిక కావాలంతే.

కానీ నిమ్మరసం, వెనిగర్ దేనికైనా సురక్షితమన్నది తప్పు. మార్బుల్, తాండూరు బండలు, కడప బండ, బేతంచెర్ల బండ అన్నీ సున్నపు రాళ్ల కోవలోవే. గారలో ఉన్న కాల్షియం కార్బొనేటే వాటిలోనూ ఉంది. ఆమ్లానికి రెండింటికీ తేడా తెలియదు. గారతోపాటు బండ నునుపునూ తినేస్తుంది, ఆ మెరుపు పాలిష్ పట్టించేదాకా తిరిగి రాదు. పాత ఇళ్ల మొజాయిక్ గచ్చుకూ ఇదే గతి. గ్రానైట్, సిరామిక్ టైల్స్ తట్టుకున్నా, వాటి సందుల్లోని సిమెంటు తట్టుకోదు.

వెనిగర్‌లో వంటసోడా కలిపితే వచ్చే నురగ శుభ్రం చేయదు, ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పటిక నీళ్లలో మట్టిని పేరుస్తుంది, కాఠిన్యాన్ని తీయదు. సర్ఫ్ ఎంత రుద్దినా గార కరగదు.

లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టండి. పావుగంట తర్వాత పాత బ్రష్‌తో రుద్ది బాగా కడగండి. మందంగా ఉంటే మళ్లీ చేయండి, అంతేకాని రాత్రంతా వదలొద్దు, కుళాయి పూత పాడవుతుంది. షవర్‌ను విప్పి అదే నీళ్లలో అరగంట నానబెట్టండి. పింగాణీ కమోడ్‌కు చీటీ ఉన్న టాయిలెట్ క్లీనర్ వాడొచ్చు, కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని. అన్నిటికన్నా తేలిక, స్నానం అయ్యాక వైపర్‌తో నీళ్లు లాగేయడం. నీరు నిలవకపోతే గార పట్టదు. బోరు నీళ్లను పరీక్ష చేయించుకోండి. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. మీ లెక్క అంతకన్నా బాగా ఎక్కువుంటే సాఫ్టెనర్ గురించి అపార్ట్‌మెంటువాళ్లంతా కలిసి ఆలోచించుకోవచ్చు.

పొరపాటున ఘాటు వస్తే కడగడానికి ఆగకండి. బయటికి వచ్చి తలుపులు తెరిచి ఉంచండి. కళ్లు మండితే పావుగంటసేపు నీళ్లతో కడగండి. ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. చాలా ఇళ్లలో ఈ బండలు రుద్దేది పనిమనిషి. యాసిడ్, బ్లీచింగ్ ఒకేచోట పెట్టకండి, రెండూ కలపకూడదని ఆమెకు ఈరోజే చెప్పండి.