అంకెల పడుగు – సంతకపు చిప్పు

సూరత్ నుంచి బరోడా వైపు వెళ్ళే రైలుమార్గంలో కిమ్ అనే చిన్న స్టేషను ఉన్నది. ఆ పరిసరాలు మరమగ్గాలకు నిలయం. సూరత్ ప్రాంతపు మగ్గాల వద్ద తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు కూడ ఎందరో శ్రమించారు. పడుగులోని పోగులను ఒక్కొక్కటిగా కాక, బారులు బారులుగా ఎత్తి దించి, నడుమ పేకను దూర్చడమే మగ్గం నేర్పు. సంతకాలు చేసే చిప్పులను రూపొందించేవారికి నేడు అటువంటి నేర్పే అవసరమైనది!

కంప్యూటరు మీద సమర్పించే టెండరుకు వ్యాపారి చేసే డిజిటల్ సంతకాన్ని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం గుర్తించింది. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం వంటి చిక్కులెక్కలు ఎవరికీ సాధ్యం కావన్న ధీమాయే ఆ సంతకానికి రక్ష. క్వాంటం కంప్యూటరుకు అవి సాధ్యమేనని పీటర్ షోర్ 1994లో నిరూపించాడు. అంతటి యంత్రం ఇంకా రాలేదు. వచ్చిననాడు మాత్రం ఎవరి సంతకాన్నయినా ఫోర్జరీ చేయవచ్చు. ముప్పయి ఏళ్ళు చెల్లవలసిన దస్తావేజు గతి ఏమిటి?

అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో కొత్త సంతకపు పద్ధతులను ప్రకటించింది. వాటిలో ముఖ్యమైనది డైలిథియం నుంచి రూపొందినది. నేడు వాడుకలో ఉన్న ఒక సంతకం 64 బైట్లలో ఇముడుతుంది. దీనిలో అతిచిన్న రకానికే 2,420 బైట్లు కావాలి. లెక్క కూడ బరువే. 256 అంకెల వరుసలు రెండింటిని మామూలుగా గుణిస్తే 65,536 గుణకారాలు. అంకెలను జతలుగా కలిపి, ఎనిమిది దఫాలుగా అల్లి, గుణించి, మళ్ళీ విప్పితే సుమారు 3,300 చాలు! పైగా ప్రతి ఫలితాన్నీ 8380417 చేత భాగించి శేషం తీయాలి. ఆ సంఖ్యను ఎంచుకోవడంలోనే తెలివి ఉన్నది: భాగహారం బదులు అంకెలను పక్కకు జరిపి, కూడి, తీసివేస్తే సరిపోతుంది. చిప్పులో జరపడానికి తీగెలు తప్ప ఖర్చు లేదు.

అల్లిక యంత్రాలను ఎక్కువగా పెడితే వేగం, ఒకదానినే పదేపదే వాడితే పొదుపు. బ్యాంకు కంప్యూటరుకు మొదటిది తగును. జేబులోని కార్డుకు రెండవదే శరణ్యం. మన దేశానికి అదే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. అయితే ఈ పద్ధతిలో రహస్యం బయటపడే అవకాశమున్న సంతకాన్ని చిప్పు తనంతట తానే కొట్టివేసి మళ్ళీ మొదలుపెడుతుంది. సగటున నాలుగైదు ప్రయత్నాలు తప్పవు.

మరొక చిక్కు: చిప్పు వాడుకునే విద్యుత్తులోని హెచ్చుతగ్గులను కొలిచి, లోపలి రహస్యాన్ని ఊహించే దొంగలున్నారు. వారికి చిక్కకుండ అంకెలను ముక్కలుగా విడదీసి దాచాలి. అందుకు కావలసిన స్థలం, పొదుపు చేసిన స్థలంలో నుంచే పోతుంది.