చుట్టూ గీసుకున్న గిరి

పెళ్లింట్లో ఒక పెద్దాయన చేతులు చాపి "రా, ఒక్క ముద్దివ్వు" అన్నాడు. నాలుగేళ్ల పిల్ల గబుక్కున తల్లి కొంగు చాటుకి దూరింది. "తాతయ్యే కదమ్మా, సిగ్గెందుకు, వెళ్లు" అంటూ తల్లి ముందుకు నెట్టింది. పిల్ల మడమలు నేలకి తన్నిపెట్టి నిలబడింది. అది సిగ్గే అని అందరూ నవ్వేశారు. నాకు మాత్రం అలా అనిపించలేదు.

ప్రతి మనిషీ తన చుట్టూ కంటికి కనపడని గిరి ఒకటి గీసుకుంటాడు. అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి కొలతలు కట్టాడు. బాగా దగ్గరివాళ్లని తప్ప సుమారు 45 సెంటీమీటర్ల లోపలికి ఎవరినీ రానివ్వం అన్నది అందులో ఒకటి. అది తన దేశంలో కొందరిని చూసి వేసిన లెక్కేననీ, సంస్కృతిని బట్టి మారుతుందనీ ఆయనే చెప్పాడు. మన పల్లెవెలుగు బస్సులో ఆ కొలత పట్టుకు కూర్చుంటే ఎవరూ ఊరు చేరరు!

ఈ గిరికి కాపలా మెదడులో ఉంది. బాదంగింజంత ఉండే అమిగ్డలా అనే భాగం అరుదైన జబ్బు వల్ల రెండు వైపులా దెబ్బతిన్న ఒక మహిళని శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎదుటి మనిషి వైపు నడుస్తూ, ఇబ్బంది అనిపించని చోట ఆగమన్నారు. ఆ పరీక్షలో పాల్గొన్న మిగతావాళ్లు సగటున 64 సెంటీమీటర్ల దూరంలో ఆగితే, ఆమె 34 దాకా వెళ్లింది. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా నిలబడ్డా ఆమెకి ఇబ్బంది అనిపించలేదు.

ఎదుటివాడి మనసులో ఉన్నది తన మనసులో ఉన్నదానికి వేరుగా ఉండొచ్చని పిల్లలకి నాలుగేళ్ల ప్రాంతంలో గాని సరిగా అర్థం కాదు. కాబట్టి వచ్చినవాళ్ల మీదికెక్కే మూడేళ్లవాడికి పొగరని పేరు పెట్టకండి. ఇంకొకరికి కూడా గిరి ఉంటుందని వాడికింకా సరిగా తెలియకపోవచ్చు.

తెలియజెప్పడానికి ఆ పరీక్షనే ఆటగా మార్చుకోవచ్చు. ఒకరు గోడకి ఆనుకుని నిలబడాలి. రెండోవారు మెల్లగా నడిచి రావాలి. మొదటివారు "ఆగు" అన్నచోట సుద్దముక్కతో గీత గీయాలి. అన్నయ్యకి ఒక గీత, పక్కింటి అబ్బాయికి ఇంకో గీత. మూతి ముడుచుకుని రమ్మని చూడండి, గీత ఎక్కడ పడుతుందో! తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. అసలు పాఠం అక్కడే ఉంది: తన గీత చెరిపేస్తే ఏడ్చినవాడు, ఎదుటివాడి గీత తొక్కేముందు కాస్త ఆగి చూస్తాడు.

ఈ గిరి విషయంలో పెద్దవాళ్లం తడబడేది కితకితల దగ్గర. పిల్లలు "వద్దు వద్దు" అంటూనే పడీ పడీ నవ్వుతారు కదా, మనం నవ్వునే నమ్ముతాం. కానీ ఆ నవ్వు వాళ్ల చేతిలో లేదు, దానంతటదే వస్తుంది. నోటితో అన్న మాటే వాళ్లది. "వద్దు" వినపడగానే చెయ్యి తీసేసి చూడండి. ఊపిరి తీసుకుని, కళ్లు తుడుచుకుని, చాలాసార్లు వాళ్లే మళ్లీ పొట్ట చూపించి "ఇంకోసారి" అంటారు.