పని లేని దేశంలో పరదేశికి పని

స్వదేశీయులకే ఉద్యోగాలు చాలని దేశంలో, బయటినుండి వచ్చినవానికి పని ఎట్లు దొరుకుతుంది? దొరకదని చాలామంది తక్షణమే సమాధానం చెబుతారు. కాని సౌదీ అరేబియాను పరిశీలించినచో ఆ సమాధానం నిలువదు. 2018 ప్రారంభంలో ఆ దేశ పౌరులలో నిరుద్యోగం 12.9 శాతానికి చేరినట్లు అక్కడి ప్రభుత్వ గణాంకాలే తెలిపాయి. సౌదీ మహిళలలో అది 30 శాతాన్ని మించి ఉండేది. అదే కాలంలో అక్కడి ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారిలో అత్యధికులు విదేశీయులు. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశపు 3.22 కోట్ల జనంలో 1.34 కోట్ల మంది విదేశీయులే. నిరుద్యోగమూ, పరదేశీయుల ఉద్యోగమూ ఒకే గడ్డపై ఇరుగుపొరుగులుగా కాపురం చేస్తున్నవన్నమాట.

హైదరాబాదు పాతబస్తీలో, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో, కడప, రాయచోటి వైపున, కోనసీమలో గల్ఫుకు మనిషిని పంపని వీధి అరుదు. తెలంగాణ పల్లెలలో ఏ గల్ఫు దేశానికి వెళ్లినా "దుబాయి పోయిండు" అనే అంటారు. ఈ వాడుకలో ఒక చిక్కున్నది. దుబాయి చట్టం వేరు, కువైట్ చట్టం వేరు, సౌదీ చట్టం వేరు. కావున మేము ఈ వ్యాసంలో సౌదీని మాత్రమే తీసుకొని, అక్కడ పరదేశి ఉద్యోగం ఏ షరతులపై నిలిచి ఉంటుందో వివరింపదలచాము. ఆ షరతులు ఇటీవలి సంవత్సరాలలో ఎంతగా మారినవో తెలియక, పినతండ్రి కాలపు లెక్కలతో నేడు బయలుదేరే పట్టభద్రులు మన మధ్య ఇంకను ఉన్నారు.

1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట సౌదీలో రహదారులు, రేవులు, ఆసుపత్రులు, నగరాలు ఒక్కమారుగా లేచాయి. వాటిని కట్టుటకు చాలినంత మంది ఆ దేశంలో లేరు. పౌరులకు ప్రభుత్వోద్యోగాలు లభించాయి. మిగిలిన పని విదేశీయుల పాలయింది. తరువాతి తరం పెద్దదై, చదువుకొని, కార్యాలయాల తలుపు తట్టే సరికి ప్రభుత్వంలో అంత చోటు లేకపోయింది. ప్రైవేటు యజమాని మాత్రం సౌదీ యువకుని తీసుకొనుటకు ఇష్టపడలేదు. దీనికి సోమరితనమే కారణమని కొందరు తేలికగా అంటారు. అది న్యాయమైన మాట కాదు. విదేశీయుడు తక్కువ జీతానికి వస్తాడు, ఎక్కువ గంటలు పనిచేస్తాడు; అన్నిటికంటె ముఖ్యంగా, కఫాలా పద్ధతిలో అతడు తన కఫీల్‌ను విడిచి వెళ్లలేడు. విడిచి వెళ్లలేని మనిషిని ఏ యజమాని కాదంటాడు? స్వదేశీయుని నిరుద్యోగానికీ, పరదేశి నిస్సహాయతకూ మూలం ఒక్కటే.

దీనిని సరిచేయుటకు 2011లో అక్కడి ప్రభుత్వం 'నితాకత్' అనే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆ అరబ్బీ మాటకు పరిధులు, శ్రేణులు అని అర్థం. సంస్థలో సౌదీ పౌరులు ఎంత శాతం ఉన్నారనే దానిని బట్టి ఎరుపు మొదలు పసుపు, ఆకుపచ్చ, ఆపై ఉన్నత శ్రేణి వరకు రంగులు నిర్ణయించారు. పసుపు శ్రేణిని తరువాత తొలగించారు. ఆకుపచ్చ సంస్థకు కొత్త వీసాలు లభిస్తాయి. ఎరుపు సంస్థకు వీసాలు లభింపకపోవుటే కాదు, ఉన్న విదేశీయుల పని అనుమతులు కూడ పొడిగింపబడవు. అనగా మన మనిషి ఎంత నిజాయితీగా పనిచేసినా, అతడి యజమాని తగినంత మంది సౌదీలను నియమింపనందున అతడి ఇకామా ఆగిపోవచ్చును. పేరుకు మాత్రమే సౌదీలను చూపే యుక్తిని అరికట్టుటకు, కనీసం 3,000 రియాళ్లు, 2021 నుండి 4,000 రియాళ్లు జీతం ఇచ్చినప్పుడే ఆ పౌరుని పూర్తి ఉద్యోగిగా లెక్కించారు.

ఇట్టి నీతి సౌదీకే ప్రత్యేకం కాదు. స్పెయిన్‌లో 2013 మొదటి త్రైమాసికంలో నిరుద్యోగం 27 శాతాన్ని దాటింది. ఆ దేశపు చట్టం ప్రకారం, తగిన మనిషి స్వదేశంలో దొరకలేదని చూపనిదే యజమాని బయటి దేశస్థుని రప్పించలేడు. మనుషులు దొరకని వృత్తుల పట్టికను ప్రభుత్వం మూడు నెలలకొకమారు ప్రకటిస్తుంది. గడ్డుకాలంలో ఆ పట్టిక కుంచించుకొనిపోయి ఓడలపై పనులు, క్రీడాకారుల వంటివే మిగిలాయి. అంతేకాదు, 2008లో ఆ ప్రభుత్వం ఉద్యోగం పోయిన విదేశీయులకు, నిరుద్యోగ భృతిని రెండు విడతలుగా ఒక్కమారే ఇచ్చెదము, స్వదేశానికి వెళ్లి మూడేండ్లు తిరిగి రావద్దని ఒక పథకం పెట్టింది. సౌదీ మార్గం వేరు. అది తలుపు మూయదు. ఏ గదిలోనికి ఎవరు రావచ్చునో మారుస్తూ ఉంటుంది.

మన విద్యార్థులకు ముఖ్యమైన విషయం ఇదే. మూసుకొనిపోయిన గదులలో అనేకం మన పట్టభద్రులు ఆశించేవి. హోటలు రిసెప్షనిస్టు, సిబ్బంది వ్యవహారాల గుమాస్తా, ప్రైవేటు కాపలాదారు, ప్రభుత్వ కార్యాలయాలలో పనులు చక్కబెట్టే మనిషి – ఇవి సౌదీలకే ప్రత్యేకింపబడ్డాయి. 2016లో మొబైల్ ఫోన్ల అమ్మకం, మరమ్మతు దుకాణాలు పూర్తిగా పౌరుల పరమయ్యాయి. 2018 సెప్టెంబరు నుండి 2019 జనవరి లోపల మూడు దశలలో వస్త్రాలు, ఫర్నిచర్, గడియారాలు, కళ్లద్దాలు, కారు విడిభాగాలు, మిఠాయిలు మొదలగు పన్నెండు రకాల చిల్లర వర్తకంలో అధిక భాగం ఉద్యోగాలను సౌదీలకు కేటాయించారు. 2021లో ఐదుగురు లేక అంతకు మించి అకౌంటెంట్లున్న సంస్థలలో 30 శాతం, అట్లే ఇంజనీర్లలో 20 శాతం పౌరులుండాలన్నారు. ఇంజనీర్ల వాటాను 2024లో 25 శాతానికి పెంచారు. బి.కాం. చేతబట్టుకొని అక్కడ దుకాణంలోనో కార్యాలయంలోనో కుదురుకొనే పాత మార్గం, పూర్తిగా మూయబడకున్నను, ఇరుకైపోయింది. తెరచి ఉన్నవి రెండు కొసలు. ఒక కొసన భవన నిర్మాణం, ఇంటిపని వంటి శ్రమతో కూడిన పనులు. మరొక కొసన వైద్యులు, నర్సులు, అనుభవజ్ఞులైన సాంకేతిక నిపుణులు. నడుమ ఉన్నదే కరగిపోతున్నది.

దీనివలన పౌరులకు మేలు జరుగలేదని చెప్పలేము. 2024 చివరకు సౌదీలలో నిరుద్యోగం 7 శాతానికి దిగింది. 2030 నాటికి చేరవలెనన్న లక్ష్యం ముందుగానే నెరవేరుటచే, ప్రభుత్వం దానిని 5 శాతంగా సవరించుకొన్నది. మహిళలు దుకాణాలలో, కార్యాలయాలలో పెద్దయెత్తున ప్రవేశించారు. తన బిడ్డలకు పని చూపుట ఏ ప్రభుత్వానికైనా ధర్మమే. మన ప్రభుత్వం చేసినా మనం మెచ్చుకొందుము.

ఉద్యోగం ఉన్నవానికి కూడ లెక్కలు మారాయి. 2017 జూలై నుండి విదేశీయుని వెంట ఉండే భార్యాబిడ్డలు ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించి, ఏటేటా పెంచి 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న గుమాస్తా ఏడాదికి 14,400 రియాళ్లు కట్టవలెను. కుటుంబాలు తిరిగి వచ్చి టోలీచౌకీలో, మెహదీపట్నంలో ఇండ్లు వెదకుకొనుటకు ఇది ఒక పెద్ద కారణం. ప్రతి విదేశీ ఉద్యోగిపై యజమాని కట్టవలసిన నెలసరి రుసుము కూడ 2018లో 300 లేక 400 రియాళ్లుండి, 2020కి 700 లేక 800 అయినది.

ఇట్టి పరిస్థితిలో 'ఆజాద్ వీసా' అనే మాట వినబడినప్పుడు జాగ్రత్త వహించవలెను. అట్టి వీసా ఏ చట్టంలోను లేదు. ఒక కఫీల్ పేరిట వెళ్లి, అతడికి నెలనెలా కొంత ముట్టజెప్పుతూ, మరొకచోట పనిచేయుటకు పెట్టిన ముద్దుపేరు అది. ఆజాదీ అని పేరేగాని, కఫీల్ తలచుకొన్న దినాన 'హురూబ్', అనగా పారిపోయినాడని ఫిర్యాదు చేసినచో మనిషి అక్రమ నివాసి అయిపోతాడు. 2013లో ప్రభుత్వం ఏప్రిల్ నుండి నవంబరు 3 వరకు గడువిచ్చి, ఆ తరువాత తనిఖీలు ప్రారంభించినప్పుడు మొదట చిక్కినవారు ఇట్టివారే. చట్టబద్ధంగా ఉన్నవారికి కూడ గడ్డుకాలం తప్పలేదు. చమురు ధర 2014 మధ్యలో పీపాకు 100 డాలర్లకు పైన ఉండి 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడినప్పుడు, నిర్మాణ సంస్థలు నెలల తరబడి జీతాలు నిలిపివేశాయి. ఆ వేసవిలో పదివేల మందికి పైగా భారతీయులకు మన ప్రభుత్వమే ఆహారం అందించవలసి వచ్చింది.

2021 మార్చిలో వచ్చిన సంస్కరణ కొంత ఊరట. ఒక సంవత్సరం పనిచేసిన పిమ్మట, ముందుగా తెలియజేసి, యజమాని అంగీకారం లేకయే వేరొక సంస్థకు మారవచ్చును. ఇంటిపనివారికి, సొంత కార్ల డ్రైవర్లకు, తోటమాలులకు, పశువుల కాపరులకు మాత్రం అది వర్తింపలేదు. మన పల్లెలనుండి వెళ్లేవారిలో వీరెందరో ఉన్నారు.

ఇక వెళ్లదలచినవారు గమనింపవలసినవి. వీసాపై ఏ వృత్తి వ్రాయబడినదో అదే చేయవలెను. ఇంజనీరు అయినచో సౌదీ ఇంజనీర్ల మండలి గుర్తింపు కావలెను. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ వంటివారికి వీసాకు ముందే నైపుణ్య పరీక్ష ఉన్నది. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం నియామకపు ఖర్చులు, ఇకామా, పని అనుమతి రుసుములు యజమానివే. మన దేశపు నిబంధనల ప్రకారం నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై పన్ను తప్ప ఎక్కువ తీసుకొనరాదు. లక్షలు అడిగేవాడు ఏమి అమ్ముతున్నాడో అర్థం చేసుకొనవచ్చును.

పదవ తరగతి తప్పినవారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ ఉంటుంది. వారి ఒప్పందాన్ని ప్రభుత్వాధికారి చూచిగాని పంపడు. ఉత్తీర్ణులకు ఆ తనిఖీ లేదు. దీనిని చదువుకొన్నవారు గౌరవంగా భావిస్తారు. నిజానికి, వారి ఒప్పందాన్ని వారు తప్ప మరెవరూ చూడరని దాని అర్థం. మన కళాశాలలో ఉర్దూ చదివినవారు అరబ్బీ కాగితాన్ని అక్షరం అక్షరం చదువగలరు గాని, అర్థం తెలియదు. వివాదం వచ్చినప్పుడు చెల్లేది ఆ అరబ్బీ పాఠమే. కావున సంతకానికి ముందే అనువాదం చేయించుకొనవలెను. అందులో మూల వేతనం ఎంత, భత్యాలెంత అని విడివిడిగా చూడవలెను.

తిరిగి వచ్చే దినపు లెక్క కూడ ముందే తెలిసి ఉండుట మంచిది. ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేండ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపై ఏడాదికి ఒక నెల జీతం చొప్పున యజమాని చెల్లింపవలెను. తానే రాజీనామా చేసినవానికి రెండేండ్లు నిండకున్న ఏమియు రాదు. రెండు నుండి ఐదేండ్ల వరకు అందులో మూడవ వంతు, పదేండ్ల లోపు మూడింట రెండు వంతులు, పదేండ్లు నిండినచో మొత్తం లభిస్తుంది.