తలుపులు తెరచిన ధననిధి

హైదరాబాదు వెళ్లివచ్చిన మన సంఘస్థులలో చాలామంది సాలార్‌జంగ్ మ్యూజియం చూచియుంటారు. గంట కొట్టే బొమ్మ ఎప్పుడు బయటికి వచ్చునా అని పిల్లలతో కలిసి గడియారము ఎదుట కనిపెట్టియుంటారు. ఆ వస్తువులన్నీ ఒకప్పుడు ఒక్క కుటుంబపు సొత్తు.

వాటిలో ఎక్కువ భాగము కూర్చినవారు మూడవ సాలార్‌జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1889లో జన్మించారు. 1912లో, చిన్న వయసులోనే నిజాముకు దివాను అయ్యారు. 1914లో ఆ పదవి విడిచి, మిగిలిన జీవితమంతా చిత్రపటములు, శిల్పములు, పింగాణి, దంతపు పనులు, వ్రాతప్రతులు దేశదేశములనుండి సేకరించుటలో గడిపారు. ఆయన వివాహము చేసికొనలేదు. 1949 మార్చి 2న ఆయన కన్నుమూసేనాటికి ఇంటినిండ నిధులున్నవి గాని, వాటిని అందుకొనుటకు బిడ్డలు లేరు.

ఇటువంటి ఆస్తి పంపకములలో ముక్కలగుట, వేలములో చెదరిపోవుట మనకు తెలియనిది కాదు. ఇక్కడ అట్లు జరుగలేదు. 1951 డిసెంబరు 16న ఆయన నివసించిన దివాన్ దేవిడిలోనే ప్రధానమంత్రి నెహ్రూగారు మ్యూజియమును ప్రారంభించారు. 1958లో కుటుంబీకులు రాజీపడి సేకరణను భారత ప్రభుత్వమునకు అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టము చేసినది. 1968లో మూసీనది ఒడ్డున కొత్త భవనమునకు వస్తువులు తరలినవి. నవాబు ఇంటి అతిథులు మాత్రమే చూడగలిగినవి నేడు టికెట్టు కొన్న కూలివాడు కూడ చూడవచ్చును.

అక్కడ మన కుటుంబములు తప్పక చూడవలసినది ముసుగు వేసికొన్న రిబ్కా విగ్రహము. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. పలుచని ముసుగులోనుండి ముఖము కనబడుచున్నట్లే ఉండును. నిజానికి ముసుగూ రాయే, ముఖమూ రాయే. ఇస్సాకును చూచి రిబ్కా ముసుగు వేసికొనిన సంగతి ఆదికాండము 24వ అధ్యాయములో చదువుచున్నాము. అదే అధ్యాయములో ఆమె ఎవరో తెలియని బాటసారికి నీళ్లిచ్చి, అతని ఒంటెలకు కూడ చేది పోసినది. ముఖమునకు ముసుగు వేసికొన్నది గాని, తన కడవకు మూత వేయలేదు.

ప్రియ చదువరులారా, ఆ నవాబుగారి నిధి ప్రజలందరికి తెరువబడినది ఆయన పోయిన తరువాతనే. మనము అంతవరకు ఆగనేల? మన పెట్టెలలో తాతలనాటి బైబిలు ఉండవచ్చును, మూలనున్న హార్మోనియము ఉండవచ్చును, చేతిలో ఒక విద్య ఉండవచ్చును. బ్రదికియుండగనే పొరుగు బిడ్డలకు వాటిని చూపుదము, నేర్పుదము. ప్రభువు మనకిచ్చినది తాళము వేసి ఉంచుటకు కాదు.