జో ఒంటి దురద నుంచి వచ్చిన కంచె

న్యూజిలాండ్‌లోని హామిల్టన్ దగ్గర బిల్ గాలగర్ అనే ఆయనకు 1930లలో ఒక గుర్రం ఉండేది. దాని పేరు జో. ఒళ్ళు దురద పెడితే చెట్టు మొదలు వెతుక్కునేది కాదు, తిన్నగా వచ్చి యజమాని కారుకు రుద్దుకునేది. అరిచి, అదిలించి లాభం లేదనుకున్న గాలగర్ ఇగ్నిషన్ కాయిల్ ఒకటి తీసుకుని, కారు ఊగితే చాలు షాకు కొట్టేలా అమర్చాడు. కారు దక్కింది. ఆ కిటుకునే పచ్చిక బయలు చుట్టూ ఉన్న తీగలోకి ఎక్కించాడు. ఆయన పేరుతో మొదలైన సంస్థ ఈనాటికీ కరెంటు కంచెలు అమ్ముతోంది.

ఈ ఆలోచన అంతకుముందు ఎవరికీ రాలేదని కాదు. 1888లోనే టెక్సస్‌లో డేవిడ్ విల్సన్ అనే ఆయన నీటిచక్రంతో కరెంటు పుట్టించి 30 మైళ్ళ కంచె కట్టి చూశాడు. అది నడవలేదు. అప్పటికి అమెరికా అంతా మరో తీగ మోజులో ఉంది. ఇల్లినాయ్‌లోని డికాబ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో పేటెంటు తీసుకున్న ముళ్ళతీగ అది. చవక, మన్నిక, కట్టడం తేలిక. ఆవుల మందలకు అది బాగానే పనికొచ్చింది. ఆవు ముల్లు గుచ్చుకోగానే ఆగి, వెనక్కి తగ్గుతుంది. గుర్రం అలా కాదు. తరతరాలుగా వేటాడే జంతువుల నుంచి పరుగెత్తి బతికిన జాతి అది. కాలు చిక్కితే నిలబడి ఆలోచించదు, బలమంతా పెట్టి గుంజుకుంటుంది. గుర్రం ముందుకాలికి మోకాలి కింద కండ ఉండదు. చర్మం, దాని కింద స్నాయువు, ఎముక, అంతే. అక్కడ తెగితే గాయం తొందరగా మానదు. మానేటప్పుడు కూడా దుర్మాంసం పెరిగి నెలల తరబడి వేధిస్తుంది. గుర్రాలు తిరిగే చోట ముళ్ళతీగ ఎంత చవకైనా ఉండకూడదనే నేనంటాను.

ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. 500 కిలోల గుర్రం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తే దానిలోని గతిశక్తి దాదాపు 48 వేల జౌళ్ళు. కరెంటు కంచె ఒక్క దెబ్బలో ఇవ్వదగిన శక్తికి అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దు 5 జౌళ్ళు. 5 జౌళ్ళు 48 వేలను ఆపుతాయా? ఆపవు. గుర్రం తనంతట తాను దూరంలోనే ఆగాలి. అలా ఆగాలంటే షాకు సంగతి దానికి ముందే తెలిసి ఉండాలి, కంచె కంటికి కనబడాలి.

ఆ కనబడటంలోనే చిక్కంతా ఉంది. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంతో దాదాపు 350 డిగ్రీలు చూడగలదు గానీ, దాని రంగుల లోకంలో ఉన్నవి నీలం, పసుపు రెండే. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా దానికి తెలియదు. పచ్చిక వెనక సన్నటి ఇనుప తీగ పరుగులో ఉన్న గుర్రానికి లేనట్టే లెక్క. అందుకే వెడల్పాటి తెల్లటి ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. వాటి నేతలో వెంట్రుకల్లాంటి స్టెయిన్‌లెస్ స్టీలు పోగులుంటాయి, కరెంటు వాటిలోనే పారుతుంది. గుర్రం గుద్దుకుంటే పట్టీ తెగిపోతుంది గానీ కాలిని కోసే ప్రమాదం తక్కువ. అయితే గాలికి కొట్టుకుని కొట్టుకుని లోపలి పోగులు పుటుక్కున తెగుతాయి. పైకి పట్టీ బాగానే ఉంటుంది, కరెంటు మాత్రం ఉండదు. గాలి ఎక్కువగా వీచే చోట అదే నేతలో వచ్చే తాడు మేలు.

ఇక తీగలోకి కరెంటు పంపే యంత్రం వైపు అసలు మలుపు 1962లో వచ్చింది. పాత యంత్రాల కరెంటు తీగకు గడ్డి తగిలితే చాలు నేలలోకి కారిపోయేది. న్యూజిలాండ్‌కే చెందిన డగ్ ఫిలిప్స్ కెపాసిటర్‌లో శక్తిని నింపి, దాన్ని ఒక్క పెట్టున తీగలోకి వదిలే పద్ధతి కనిపెట్టాడు. దెబ్బ ఎంత క్లుప్తమంటే, కాస్త గడ్డి తగిలినా చాలావరకు ముందుకే పోతుంది. కొన్ని వందల మీటర్లకే నీరసించే కంచె కిలోమీటర్ల దూరం పాకింది.

ఆ క్లుప్తతలోనే ప్రాణరక్షణ కూడా ఉంది. వేల వోల్టులున్నా దెబ్బ సెకనులో నూరో వంతు కూడా ఉండదు. మరో దెబ్బకు కనీసం సెకను వ్యవధి ఉంటుంది కనక జంతువుకైనా మనిషికైనా వెనక్కి జరిగే వీలుంది. మన తెలుగు రాష్ట్రాల్లో అడవిపందుల కోసం కొందరు ఇంటి కరెంటును నేరుగా తీగకు తగిలిస్తున్నారు, మనుషులు చచ్చిపోతున్నారు. అది కంచె కాదు, ఉరి. 230 వోల్టులే అయినా ఆ కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుపోయి పట్టు విడవదు. సోలార్ ఫెన్సింగ్ అని మనం పిలిచే అసలు యంత్రానికీ దానికీ పోలికే లేదు.

కొత్తగా కంచె కట్టేవాళ్ళు తీగ కొనడానికి ముందు కాగితం మీద గీసుకోవాల్సింది మూలలు. మందలో బలమైన గుర్రం బక్కదాన్ని తరిమి మూలకు నొక్కేస్తుంది. మూలలు గుండ్రంగా తిప్పితే అది జారుకోగలదు. గేటు మూలలో పెట్టకూడదనేదీ అందుకే. ఎత్తు నాలుగున్నర నుంచి అయిదడుగులు. చెక్క పలకలైతే గుంజలకు లోపలివైపు కొట్టాలి, గుర్రం ఒరిగినప్పుడు మేకులు ఊడిరాకుండా. సందు ఉంటే మూడంగుళాల లోపే ఉండాలి, లేదా అడుగు దాటాలి. మధ్యస్థంగా ఉంటే గిట్ట దూరుతుంది, వెనక్కి రాదు.

ఎర్త్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తీగలోని కరెంటు గుర్రం ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్త్ కడ్డీల గుండా యంత్రానికి చేరితేనే షాకు. ఎండాకాలం నేల బీటలిచ్చాక ఆ దారి మూసుకుపోతుంది. ఒక్క కడ్డీ సరిపోదు. రెండు మూడు లోతుగా దిగేసి, చుట్టూ నీళ్ళు పోస్తుండాలి. లేదంటే కంచెలోనే ఒక తీగ కరెంటుకూ, దాని పక్క తీగ ఎర్త్‌కూ కేటాయించాలి.

కొత్త గుర్రాన్ని చీకటివేళ లోపలికి వదలకూడదు. పగలు పగ్గం పట్టుకుని కంచె వెంబడి ఒక చుట్టు నడిపించి, మూలలూ గేటూ చూపించి, ఆ తర్వాతే విప్పాలి. అది ముట్టెతో పట్టీని వాసన చూసి, ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కి దూకుతుంది. ఇక అటు పోదు. మనిషికి మాత్రం రోజువారీ పని తప్పదు. యంత్రానికి దూరంగా ఉన్న చివర మీటరు పెట్టి చూడాలి. 3,000 వోల్టులకన్నా తగ్గితే తీగకు తగిలిన గడ్డి కోయడానికి కొడవలి తీయాల్సిందే.